ఒక టర్ము ఫీజు ఎవరు కట్టాలి?

బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మన ఇళ్ళలో ప్రశ్నలు మొదలవుతాయి. క్వార్టరు ఎప్పుడు దొరుకుతుంది? సామాను లారీలో వేయాలా, రైల్లో పంపాలా? టీసీ ఎప్పుడు చేతికొస్తుంది? కొత్త ఊళ్ళో ఏ భాష మాట్లాడతారు? ఇన్ని ప్రశ్నల్లోనూ ఒక్కటి మాత్రం ఉండదు: "ఇక పిల్లలు చదువు మానేయాల్సిందేనా?" జోర్హాట్ నుంచి విశాఖపట్నం వచ్చినా, సికింద్రాబాద్ నుంచి జోధ్‌పూర్ వెళ్ళినా అవే పాఠ్యపుస్తకాలు మనకోసం ఎదురుచూస్తుంటాయి. ఆపిన పాఠం దగ్గరే మళ్ళీ మొదలుపెడతాం.

లోకంలో మన వయసు పిల్లలు చాలామందికి ఊరు మారదు, ఇల్లు మారదు, చదువు మాత్రం ఆగిపోతుంది. చాలాసార్లు దానికి కారణం ఒక టర్ము ఫీజు, ఒక జత యూనిఫారం. అలాంటి పిల్లల చదువు ఖర్చును వేరెవరో భరిస్తే ఏమవుతుంది? ఆ వేరెవరో ఎవరు కావాలి? దాతా, ఊరా, ప్రభుత్వమా? ఈ పాఠంలో కెన్యా దేశాన్ని ఉదాహరణగా తీసుకుని ఈ విషయం తెలుసుకుందాం.

అందరం కలిసి లాగుదాం

కెన్యా తూర్పు ఆఫ్రికాలో, హిందూ మహాసముద్రానికి ఆవలి ఒడ్డున ఉంది. మన దేశానికి అది కొత్త కాదు. 1896లో మొంబాసా నుంచి రైలుమార్గం వేయడం మొదలైనప్పుడు ఆ పని చేసినవాళ్ళలో ఎక్కువమంది పంజాబు ప్రాంతం నుంచి వెళ్ళిన కూలీలే. మనలాగే కెన్యా కూడా బ్రిటిష్ పాలన నుంచి బయటపడింది. ఆ దేశానికి 1963 డిసెంబరు 12న స్వాతంత్ర్యం వచ్చింది. మన కేంద్రీయ విద్యాలయాలు మొదలైంది కూడా 1963-64లోనే. సైనిక కేంద్రాల్లో నడుస్తున్న 20 రెజిమెంటల్ బడులతో వాటికి శ్రీకారం చుట్టారు.

స్వతంత్ర కెన్యా తొలి నాయకుడు జోమో కెన్యాట్టా ప్రజలకు ఇచ్చిన పిలుపు "హరాంబే". స్వాహిలీ భాషలో ఆ మాటకు "అందరం కలిసి లాగుదాం" అని అర్థం. ఆ దేశపు రాజముద్ర మీద కూడా అదే మాట ఉంటుంది. ప్రభుత్వం అన్ని ఊళ్ళకూ బడులు కట్టలేని రోజుల్లో ఊరివాళ్ళే చందాలు వేసుకున్నారు, ఇటుకలు మోశారు, గోడలు లేపారు. అలా లేచినవి హరాంబే బడులు. మన పల్లెల్లో రామాలయం కట్టుకున్నట్టు వాళ్ళు హైస్కూళ్ళు కట్టుకున్నారు.

బడి కట్టినంత మాత్రాన సరిపోదు, దాన్ని ఏటేటా నడపాలి. 1974లో మొదటి నాలుగు తరగతులకు ప్రభుత్వం ఫీజు తీసేసింది. కానీ భవనానికని, సామగ్రికని బడులు వేరే పేర్లతో వసూళ్ళు చేయక తప్పలేదు. హైస్కూలు ఫీజు అంతకంటే పెద్ద బరువు. అక్కడ చదువు ఏడాదికి మూడు టర్ములు. టర్ము మొదట్లో ఫీజు కట్టలేకపోతే పిల్లల్ని ఇంటికి పంపేవారు. డబ్బు దొరికాక వస్తే తప్పిన పాఠాలు తప్పిపోయినట్టే. రెండు మూడుసార్లు అలా జరిగితే ఇక బడికి రావడమే మానేసేవారు.

స్వీడన్ నుంచి 15 డాలర్లు

అలా మానేయాల్సిన పిల్లల్లో క్రిస్ ఎంబురు ఒకడు. మధ్య కెన్యాలోని ఒక పల్లెలో పేద ఇంట్లో పుట్టాడు. బాగా చదివేవాడు, కానీ ఇంట్లో ఫీజుకు డబ్బు లేదు. స్వీడన్‌లో పిల్లలకు చదువు చెప్పే ఒక టీచరు ఒక సహాయ పథకంలో చేరి, టర్ముకు సుమారు 15 డాలర్ల చొప్పున అతని చదువుకు పంపడం మొదలుపెట్టారు. అంటే ఏడాదికి 45 డాలర్లు. ఆమె పేరు హిల్డే బ్యాక్.

హిల్డే జర్మనీలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. నాజీల పాలనలో యూదు పిల్లలకు బడి తలుపులు మూసేశారు. ఆమె చిన్న వయసులోనే స్వీడన్ చేరి ప్రాణం దక్కించుకున్నారు. తల్లిదండ్రులు మాత్రం నాజీల నిర్బంధ శిబిరాల్లో చనిపోయారు. బడికి దూరమవడం అంటే ఏమిటో అనుభవించిన మనిషి, తానెన్నడూ చూడని ఒక పిల్లవాడి ఫీజు కట్టారు. ఆ డబ్బుతో ఏమవుతుందో ఆమెకు తెలియదు.

క్రిస్ నైరోబి విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివాడు. తర్వాత అమెరికాలోని హార్వర్డ్ లా స్కూలుకు వెళ్ళాడు. ఆపైన ఐక్యరాజ్యసమితిలో మానవ హక్కుల న్యాయవాదిగా పనిచేశాడు. 2001లో తనవంటి పిల్లలకోసం ఒక నిధి స్థాపించి దానికి హిల్డే బ్యాక్ పేరు పెట్టాడు. అప్పటికి ఆయన ఆమెను ఒక్కసారి కూడా కలవలేదు. తర్వాత వెతికి పట్టుకుని కలిశాడు. ఆమె కెన్యా వెళ్ళినప్పుడు ఊరు ఊరంతా ఎదురొచ్చి సన్మానించింది. ఈ కథతో 2010లో "ఎ స్మాల్ యాక్ట్" అనే డాక్యుమెంటరీ చిత్రం వచ్చింది. హిల్డే 2021లో, 98 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

గీతకు అటూ ఇటూ

ఈ కథ ఇక్కడితో ఆపేస్తే మంచి నీతికథ అవుతుంది. పాఠం పూర్తి కావాలంటే ఇంకొంచెం ముందుకు వెళ్ళాలి.

క్రిస్ పెట్టిన నిధి దగ్గర ఉన్న డబ్బు కొద్దిమందికే సరిపోతుంది. అడిగేవాళ్ళు చాలామంది. ఎవరికి ఇవ్వాలి? ఎనిమిదో తరగతి చివర కెన్యా పిల్లలందరూ రాసే జాతీయ పరీక్ష ఒకటి ఉండేది. దానికి మొత్తం 500 మార్కులు. పేదరికంతో పాటు ఆ మార్కులనూ చూసి ఎంపిక చేసేవారు. అంటే మార్కుల్లో ఒక గీత గీయక తప్పదు. గీతకు పైన ఉన్న పిల్ల హైస్కూలుకు వెళుతుంది. రెండు మార్కుల తేడాతో కింద ఉండిపోయిన పిల్ల చేనుకో, ఎవరింట్లోనో పనికో వెళుతుంది. ఆ రెండు మార్కులు ఎందుకు తగ్గాయి? పరీక్షకు ముందు జ్వరం వచ్చి ఉండవచ్చు. రాత్రి చదువుకోవడానికి దీపంలో కిరసనాయిలు లేకపోయి ఉండవచ్చు.

దాతను తప్పుపట్టడానికి మనం ఈ మాట అనడం లేదు. చేతిలో పది రొట్టెలుంటే పదిమందికే పెట్టగలం. అయితే ఆకలి పదకొండో మనిషికీ ఉంటుంది. దాత సాయం ఎంత గొప్పదైనా, అది కొందరిని ఎంచుకుంటుంది. మిగిలినవాళ్ళ సంగతి ఎవరు చూడాలి?

2003 జనవరి

ఆ ప్రశ్నకు కెన్యా ప్రభుత్వం 2003లో ఒక జవాబు చెప్పింది. ప్రాథమిక పాఠశాలల్లో ఎనిమిదో తరగతి వరకూ ఫీజు రద్దు చేసింది. ఒక్కో విద్యార్థికి ఏడాదికి 1,020 కెన్యా షిల్లింగుల చొప్పున తానే బడులకు ఇవ్వడం మొదలుపెట్టింది. ఫలితం వెంటనే కనిపించింది. 2002లో సుమారు 59 లక్షలుగా ఉన్న విద్యార్థుల సంఖ్య ఒక్క ఏడాదిలో 72 లక్షలకు చేరింది. అంటే అంతకుముందు 100 మంది ఉన్నచోట ఇప్పుడు 122 మంది. కొత్తగా వచ్చిన ఆ 13 లక్షలమందిలో ఏ ఒక్కరికీ దాత ఫోటో చూసి తమను ఎంచుకోవాల్సిన అవసరం రాలేదు.

వచ్చింది పిల్లలే కాదు. 2004లో కిమానీ మారుగే అనే 84 ఏళ్ళ తాత ఎల్డొరెట్ పట్టణంలో యూనిఫారం తొడుక్కుని ఒకటో తరగతిలో చేరాడు. చిన్నప్పుడు ఆయనకు చదువుకునే వీలు కలగలేదు. బడి ఉచితమని ప్రకటించారు కాబట్టి తనకూ హక్కుందని వచ్చాడు. మరుసటి ఏడాది న్యూయార్క్ వెళ్ళి ఐక్యరాజ్యసమితిలో ఉచిత ప్రాథమిక విద్య గురించి మాట్లాడాడు.

అయితే తలుపు తెరిచిన రోజే గదులూ పంతుళ్ళూ పెరగరు కదా! కొన్ని బడుల్లో ఒక్క గదిలో వందమందికి పైగా కూర్చోవాల్సి వచ్చింది. యూనిఫారం ఖర్చు ఇంటివాళ్ళదే. హైస్కూలు ఫీజు అలాగే ఉంది. 2008లో హైస్కూలు బోధన ఫీజును కూడా ప్రభుత్వం భరించడం మొదలుపెట్టింది. కానీ హాస్టల్లో ఉండి చదివేవాళ్ళ భోజనం, వసతి ఖర్చులు తల్లిదండ్రులకే మిగిలాయి. అందువల్ల హిల్డే బ్యాక్ నిధి వంటి వాటికి ఇంకా పని ఉంది.

ఏది ఇస్తే ఏమవుతుంది?

బడికి రావడం వేరు, చదువు రావడం వేరు. ఏ రకం సాయం ఎంత పనిచేస్తుందో ఊహించి చెప్పకుండా, లెక్క తీసి చూడవచ్చు. పశ్చిమ కెన్యాలోని బుసియా ప్రాంతంలో 1990లలో మైకేల్ క్రెమర్, ఆయనతోటి ఆర్థికవేత్తలు అదే చేశారు. పద్ధతి సులభమైనదే. కొన్ని బడులకు ముందు సాయం అందేలా, మిగిలినవాటికి తర్వాత అందేలా ఏర్పాటు చేసి, రెండు గుంపుల మధ్య తేడా కొలిచారు. ఈ తరహా పనికి 2019లో క్రెమర్‌కు, ఎస్తర్ డుఫ్లోకు, మన దేశంలో పుట్టిన అభిజిత్ బెనర్జీకి కలిపి ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

మొదటిది పాఠ్యపుస్తకాలు. పుస్తకాలు లేని బడులకు పుస్తకాలిస్తే మార్కులు పెరుగుతాయని ఎవరైనా అనుకుంటారు. పెరిగింది అప్పటికే బాగా చదివే పిల్లల మార్కులు మాత్రమే. మిగిలినవాళ్ళలో తేడా రాలేదు. ఎందుకంటే పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. అక్కడి పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఒక భాష, బయట స్వాహిలీ, ఆ తర్వాత మూడోది ఇంగ్లీషు. చదవలేని పుస్తకం చేతిలో ఉన్నా లేనట్టే. ఇంట్లో తెలుగు, మైదానంలో హిందీ, పరీక్షలో ఇంగ్లీషు రాసే మనకు ఈ సంగతి వివరించి చెప్పనక్కర్లేదు.

రెండోది నులిపురుగుల మందు. 75 బడుల్లో జరిగిన ఈ పరిశీలనలో, మందిచ్చిన బడుల్లో గైర్హాజరు నాలుగో వంతు తగ్గింది. కడుపులో పురుగులున్న పిల్లకు నీరసం, రక్తహీనత. అలాంటి పిల్ల బడికి ఎలా వస్తుంది? చాలా చౌకగా దొరికే మాత్ర ఆ పిల్లను తరగతి గదికి తెచ్చింది. మందు వేసుకోని పిల్లలకు కూడా కొంత మేలు జరిగింది, ఎందుకంటే చుట్టుపక్కల పురుగుల వ్యాప్తి తగ్గింది. నులిపురుగుల నివారణ దినాన మనం బడిలో నమిలే ఆల్బెండజోల్ మాత్ర వెనక ఇంత లెక్క ఉంది.

మూడోది యూనిఫారం. ఉచితంగా కుట్టించి ఇచ్చినప్పుడు మొదట్లో గైర్హాజరు బాగా తగ్గింది. కానీ కొన్నేళ్ళ తర్వాత చూస్తే ఆ తేడా మిగల్లేదు. ఒకసారి ఇచ్చి ఊరుకుంటే సాయం నిలబడదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి ఒక పిల్లను ఎంచుకుని ఏళ్ళ తరబడి సాయం చేసే పద్ధతి సంగతేమిటి? 2013లో వెలువడిన ఒక అధ్యయనం మన దేశం, కెన్యాతో సహా ఆరు దేశాల్లో పదివేలమందికి పైగా వివరాలు పరిశీలించింది. అలాంటి సాయం పొందినవాళ్ళు, పొందనివాళ్ళకంటే సుమారు ఏడాది నుంచి ఏడాదిన్నర ఎక్కువకాలం చదివారని తేలింది. ఏడాదిన్నర తక్కువేమీ కాదు. తొమ్మిదితో ఆగే పిల్ల పదో తరగతి పాసవడానికి అది చాలు.

వారాలబ్బాయిలు

ఇదంతా ఎక్కడో జరిగిన సంగతి అనుకోవద్దు. మన తెలుగునాట ఒకప్పుడు "వారాలు చేసుకుని చదవడం" ఉండేది. పల్లె నుంచి పట్నానికి చదువుకోవడానికి వచ్చిన పేద పిల్లవాడు సోమవారం ఒకరింట్లో, మంగళవారం మరొకరింట్లో, అలా ఏడు రోజులూ ఏడు ఇళ్ళలో భోజనం చేసేవాడు. అతన్ని వారాలబ్బాయి అనేవారు. ఒక్క ఇంటి మీదా బరువు పడేది కాదు, అతని చదువు ఆగేది కాదు. అలా చదివి పెద్దవాళ్ళైనవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ మనవలూ మునిమనవలూ మన తరగతుల్లోనే ఉండవచ్చు.

అక్కడా ఒక గీత ఉండేది. ఎవరి పిల్లవాణ్ణి ఏ ఇంటివాళ్ళు పీటవేసి కూర్చోబెడతారన్నది కులాన్నిబట్టి ఉండేది. ఆడపిల్లకు ఆ వీలే లేదు. దళితుల పిల్లవాడికి ఆ గడప తెరుచుకునేది కాదు. తర్వాతి కాలంలో ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్ళు, గురుకుల పాఠశాలలు వచ్చాక ఆ గీత చెరగడం మొదలైంది. 2001లో సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పిల్లలకు వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని ఆదేశించింది. ఆ కంచం దగ్గర "నువ్వెవరి అబ్బాయివి?" అని అడిగే హక్కు ఎవరికీ లేదు.

మన దాత ఎవరు?

ఇప్పుడు మన సంగతి చూసుకుందాం. మన బడి భవనానికి, టీచర్ల జీతాలకు, లేబొరేటరీకి అయ్యే ఖర్చులో మన ఇళ్ళనుంచి ఫీజుగా వెళ్ళేది కొద్ది భాగమే. మిగిలింది పన్నుల నుంచి వస్తుంది. 2004 నుంచి మన దేశంలో పన్నుల మీద విద్యా సెస్సు కూడా వసూలు చేస్తున్నారు. కొట్లో సబ్బు కొన్న కూలీ, బిస్కెట్ పొట్లం కొన్న రైతు కూడా పన్ను కడుతున్నారు. అంటే మనమందరం సాయం పొందుతున్న పిల్లలమే. మన హిల్డే బ్యాక్‌లు కోట్లమంది. వాళ్ళు మన ఫోటో అడగలేదు, మార్కులు అడగలేదు.

వాళ్ళలో కొందరి పిల్లలు బడిలో లేరు. మహబూబ్‌నగర్ ప్రాంతం నుంచి, ఒడిశాలోని బలాంగీర్ నుంచి కూలీలు పనులకోసం దూరప్రాంతాలకు వెళుతుంటారు. తెలంగాణ ఇటుక బట్టీల్లో పని శీతాకాలంలో మొదలై ఎండాకాలం దాకా సాగుతుంది. విద్యా సంవత్సరం సగంలో ఉండగా పిల్లలు కూడా తల్లిదండ్రులతో వచ్చేస్తారు. ఆలోచిస్తే వాళ్ళ అమ్మానాన్నలకూ బదిలీలున్నాయి. చేతిలో ఉత్తర్వు కాగితం ఉండదు, వెళ్ళినచోట క్వార్టరు ఉండదు, పిల్లల చేతిలో టీసీ ఉండదు. కొన్ని బట్టీల దగ్గర ఒడియాలోనే చెప్పే బడులు నడిపారు. అలాంటివి అన్నిచోట్లా లేవు.

2009 విద్యాహక్కు చట్టం ఈ పిల్లల్ని గుర్తుపెట్టుకుంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు ఉచిత విద్య హక్కని చెప్పింది. టీసీ రావడం ఆలస్యమైందని గాని, వయసు ధ్రువపత్రం లేదని గాని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని కూడా చెప్పింది. బదిలీల మీద తిరిగే మనకు ఆ వాక్యం విలువ బాగా తెలుసు. అదే వాక్యం మన క్వార్టర్ల పక్కన కొత్త భవనం కడుతున్న మేస్త్రీల పిల్లలకూ వర్తిస్తుంది. ఈ సంగతి వాళ్ళ ఇంట్లోవాళ్ళకు తెలియకపోవచ్చు. తెలిసిన మనం చెప్పవచ్చు. మన టీచరుగారితో చెప్పి దగ్గరి ప్రభుత్వ పాఠశాలకు కబురు పంపవచ్చు. పై తరగతికి వెళ్ళాక మన పుస్తకాలను అట్టలు చిరగకుండా అందించవచ్చు. ఇచ్చేటప్పుడు ఫోటో తీయకుండా ఇవ్వాలి. ఎదుటి పిల్ల రేపు మనతోపాటు అదే ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చోవచ్చు. అప్పుడు ఆ ఫోటో చూసి తలదించుకోవాల్సిన పరిస్థితి ఆమెకు రాకూడదు.

దాత చేయి ఒక పిల్లను గట్టెక్కిస్తుంది. చట్టం, పన్ను, బడి కలిస్తే అందరికీ వంతెన పడుతుంది. వంతెన పూర్తయ్యేదాకా చేయి అందిస్తూనే ఉండాలి, చేయి అందించామని వంతెన పని ఆపకూడదు.

ఆలోచించి రాయండి

1. "హరాంబే" అంటే ఏమిటి? మీరు ఇప్పటిదాకా ఉన్న ఊళ్ళలో ఊరివాళ్ళు కలిసి చేసుకున్న పని ఏదైనా ఉంటే రాయండి.
2. మీ దగ్గర ఐదుగురికి సరిపడే డబ్బు ఉంది, అడిగినవాళ్ళు ఇరవైమంది. మార్కులు చూస్తారా, పేదరికం చూస్తారా, చీట్లు తీస్తారా? మీ కారణం చెప్పండి.
3. పాఠ్యపుస్తకాలు ఇచ్చినా బుసియాలో ఎక్కువమంది మార్కులు ఎందుకు పెరగలేదు? మీరైతే ఏ మార్పు చేసేవారు?
4. మీ తాతముత్తాతల్లో వారాలు చేసుకునో, హాస్టల్లో ఉండో చదివినవాళ్ళు ఉన్నారా? చదువుకునే వీలు కలగనివాళ్ళు ఎవరు? ఇంట్లో అడిగి తెలుసుకోండి.
5. మీ ఇంటినుంచి బడికి వచ్చే దారిలో బడికి వెళ్ళని పిల్లలు ఎవరైనా కనిపిస్తున్నారా? వాళ్ళు ఏ ఊరినుంచి వచ్చారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?